టర్కీ పెట్ట గూడు ఎక్కడ పెడుతుంది? ఏప్రిల్ గూడు సెప్టెంబరులోనే తేలిపోతుంది

మీరు అడిగింది ఇదీ: అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రం దక్షిణాన 70 ఎకరాలు కొన్నారు. అందులో 40 ఎకరాలు ఓక్, హికరీ అడవి, మిగతా 30 ఎకరాలు ఫెస్క్యూ గడ్డి. మార్చిలో అడవి టర్కీ కోళ్ళు గుంపులుగా దిగుతున్నాయి, జూలై వచ్చేసరికి పెట్టల వెనక ఒక్క పిల్ల కూడా కనపడదు. అడవి అంచున ఒక ఎకరంలో దట్టంగా పొదలు పెంచితే అక్కడ గుడ్లు పెడతాయా?

పెట్టొచ్చు. కానీ ఆ ఎకరం పొద వల్ల పెట్ట కంటే గుడ్లు దొంగిలించి తినే రకూన్‌ ఎక్కువ బాగుపడుతుంది. చుట్టూ 69 ఎకరాల్లో దాక్కునే చోటు లేక ఉన్న పెట్టలన్నీ ఆ ఒక్క ఎకరంలోకే చేరితే, రాత్రిపూట వాసన పట్టుకుని తిరిగే జంతువుకు వెతుక్కునే శ్రమ తప్పుతుంది. టర్కీకి కావలసింది మంచి పొద కాదు. ఎక్కడ పెట్టిందో ఊహించడానికి వీల్లేనంత విస్తారంగా పరుచుకున్న ఓ మాదిరి చాటు. మీ భూమిలో మార్చాల్సినవన్నీ ఈ లెక్కలోంచే వస్తాయి.

ముందు పెట్ట వైపు నుంచి చూడండి. మీ ప్రాంతంలో ఎక్కువ పెట్టలు ఏప్రిల్‌లో గుడ్లు మొదలుపెట్టి మే మొదటి వారం ప్రాంతంలో పొదుగుకు కూర్చుంటాయి. రోజుకొకటి చొప్పున, మధ్యలో ఒకటి రెండు రోజులు తప్పిపోతూ, 10 నుంచి 12 గుడ్లు. గుడ్లు పెట్టే రెండు వారాలూ గూటి దగ్గర ఉండదు. వచ్చి పెట్టేసి, పైన నాలుగు ఎండుటాకులు లాగి వెళ్ళిపోతుంది, రాత్రి చెట్టెక్కి పడుకుంటుంది. చివరి గుడ్డు దగ్గరపడ్డాకే కూర్చుంటుంది. అక్కడి నుంచి 28 రోజులు రాత్రీ పగలూ నేలమీదే. మేత కోసం లేచేది సాధారణంగా రోజుకొకసారి, కాసేపు. అంటే ఎంచుకున్న చోటు మొత్తం మీద 40 రోజులు నిలబడాలి. గూడు అనేది పేరుకే. చెట్టు మొదట్లోనో, పడిన దుంగ పక్కనో ఆకుల్లో ఒక అంగుళం లోతు గుంట, అంతే. మన ఊళ్ళో నాటుకోడి గడ్డివాము వెనక దొంగచాటుగా గుడ్లు పెట్టుకున్నట్టే ఉంటుంది. తేడా ఏమిటంటే ఇక్కడ గంప తెచ్చి మూసేవాళ్ళు ఉండరు.

ఆ చోటులో పెట్ట చూసేవి రెండు, అవి ఒకదానికొకటి అడ్డం పడతాయి. కూర్చుంటే తను కనపడకూడదు. మెడ ఎత్తితే మాత్రం వచ్చేది తనకు కనపడాలి. నిలబడిన పెట్ట కన్ను నేల నుంచి సుమారు రెండున్నర అడుగుల ఎత్తులో ఉంటుంది. కాబట్టి నేల నుంచి రెండు మూడు అడుగుల వరకు ఆకూ కొమ్మా గట్టిగా ఉండి, ఆ పైన పలచగా ఉన్న చోటు దానికి నచ్చుతుంది. ఏడెనిమిది అడుగుల ఎత్తున గోడలా పెరిగిన పొద మన కంటికి భద్రంగా అనిపిస్తుంది గానీ, 4 కిలోల పక్షి అందులోంచి రెక్క విప్పి లేవలేదు, నక్కలాంటి కయోటీ నాలుగడుగుల దూరం వచ్చేదాకా చూడలేదు. "ఎంత దట్టంగా ఉంటే అంత మంచిది" అనుకుని డబ్బు పోసే భూస్వాములు ఎక్కువ. అక్కడే తప్పు జరుగుతోంది.

దీన్ని కొలవడానికి పరికరాలు అక్కర్లేదు. అడుగు ఎత్తున్న గోధుమరంగు అట్టపెట్టె ఒకటి తీసుకుని ఏప్రిల్ మొదటి వారంలో భూమంతా తిరగండి. గూడు పెట్టొచ్చు అనిపించిన చోట పెట్టె నేలమీద పెట్టి, నాలుగు దిక్కులకూ 15 అడుగులు వేసి, మోకాళ్ళ మీద కూర్చుని వెనక్కి చూడండి. మూడు వైపుల నుంచి పెట్టెలో సగానికి పైగా కనపడకపోతే అది గూటికి పనికొచ్చే చోటు. తర్వాత పెట్టె దగ్గరికి వెళ్ళి, మీ కళ్ళు రెండున్నర అడుగుల ఎత్తుకు వచ్చేలా వంగి బయటికి చూడండి. కనీసం ఒక వైపు 20, 30 గజాలు కనపడాలి. ఇలాంటివి ఎకరానికి నాలుగైదు దొరికితే మీకు గూళ్ళ చోటు కొరత లేదు. మీరు చెప్పిన భూమిలో మాత్రం అడవి లోపల అరా కొరా, ఫెస్క్యూలో సున్నా వస్తుందని నా అంచనా.

పరీక్ష ఏప్రిల్ మొదట్లోనే చేయమన్నది ఊరికే కాదు. తొలి గుడ్లు పడేనాటికి కొత్త ఆకు ఇంకా సరిగా రాదు. అప్పుడు పెట్టకు దొరికే చాటంతా నిరుటి ఎండు కాడలే: గోల్డెన్‌రాడ్, ర్యాగ్‌వీడ్, బ్లాక్‌బెర్రీ ముళ్ళు, దుబ్బు గడ్డి. సెప్టెంబరులో "పొలం శుభ్రంగా ఉండాలి" అని బుష్‌హాగ్ (ట్రాక్టరు వెనక కట్టే కోత యంత్రం) తోలేశారంటే, ఏడు నెలల తర్వాత రావలసిన గూడును ఆ రోజే చదును చేసినట్టు. పార్కులా కనపడే పొలం మీద మనవాళ్ళకు ఉన్న మోజు టర్కీలకు లేదు. తొలి గూడు పోయిన పెట్టల్లో కొన్ని మే, జూన్‌లలో మళ్ళీ పెడతాయి, అప్పటికి పచ్చదనం ఉంటుంది. కాకపోతే రెండో విడతలో గుడ్లు తక్కువ, ఎండ ముదురుతుంది, గడ్డి కోతల కాలం కూడా అదే.

ఇక ఫెస్క్యూ. మీ 30 ఎకరాల అసలు సమస్య అక్కడే. ఇది దుబ్బుల మధ్య ఖాళీ వదలదు, నేలంతా చాపలా కమ్ముకుంటుంది. పెట్ట కూర్చోవడానికి చాటివ్వదు. పొరపాటున పక్కన గూడు పెట్టి పిల్లలు బయటికి వస్తే, పిడికెడు పిల్ల ఆ చాపలో నడవలేదు, పొద్దున మంచుకు తడిసి చలికి చస్తుంది. పురుగులూ తక్కువే. పిల్లలు పుట్టిన రోజునే, మహా అయితే మర్నాడు, గూడు వదులుతాయి. మొదటి రెండు వారాలు ఎగరలేవు, రాత్రి నేలమీద తల్లి రెక్కల కిందే. ఎక్కువ పిల్లలు పోయేది ఆ రోజుల్లోనే. వాటికి కావలసింది మోకాలి ఎత్తున వెడల్పాకు మొక్కలు, వాటి కింద ఖాళీ నేల, చుట్టూ మిడతలు. పైన గొడుగు, కింద నడవా. గూడు పెట్టిన చోటు నుంచి ఈ మేత నేలకు పిల్లలు అర మైలు నడవాల్సి వస్తే దారిలోనే చాలా తరిగిపోతాయి. అందుకే గూటి చోటును విడిగా చూడకూడదు. జూలైలో మీకు పిల్లలు కనపడకపోవడానికి గూళ్ళు పోవడమే కారణమని తేల్చేయకండి. పొదిగాక పోతూ ఉండవచ్చు.

అడవి వైపు చూస్తే, మీ 40 ఎకరాల్లో కొమ్మలన్నీ పైన కలిసిపోయి, కింద ఎండుటాకులు తప్ప ఏమీ లేకుండా ఉంటే, నిలబడితే 60 గజాలు కనపడుతుంది. అలాంటి అడవిలో పెట్టకు మిగిలేది గాలికి పడిపోయిన చెట్టు తలలు మాత్రమే. అందుకే కలప కొట్టినప్పుడు కొనుగోలుదారు వదిలేసిన కొమ్మల కుప్పలను పేర్చి కాల్చకండి, పడ్డచోటే ఉండనివ్వండి. కలప కొట్టిన రెండో ఏడాది నుంచి ఐదో ఏడాది వరకు ఆ నేల గూళ్ళకు బాగుంటుంది. ఆ తర్వాత మొక్కలు బొంగుల్లా పైకి పోయి, కింద మళ్ళీ ఖాళీ అవుతుంది. మంట పెట్టకుండా, మళ్ళీ కొట్టకుండా వదిలేస్తే ఏడెనిమిదేళ్ళకు అది ఎవరికీ పనికిరాని గుబురు.

అడవి అంచుల గురించి రెండు మాటలు. దారుల పక్కన, కరెంటు తీగల కింద కొట్టిన బాటల పక్కన, పొలం అంచుల్లో గూళ్ళు దొరకడం మామూలే, ఎందుకంటే వెలుతురు పడి కింద మొక్క మొలిచేది అక్కడే. అడవి లోపల వెలుతురు లేకపోతే పెట్ట అంచుకు రాక తప్పదు. అంచున పెట్టిన గూడు ఎక్కువగా పోతుందా అంటే, చోటును బట్టి ఫలితాలు మారుతూ వచ్చాయి. కానీ 20 అడుగుల వెడల్పు ముళ్ళకంచె ఒక్కటే చాటుగా ఉన్నచోట, స్కంక్, రకూన్, పాసమ్ లాంటి గుడ్లు తినే జంతువులు కూడా ఆ కంచె వెంటే నడుస్తాయి. ఏ వేటగాడికైనా గీత వెంట వెతకడం సులువు. 20 ఎకరాల్లో అక్కడక్కడా చెదిరిన చాటులో వెతకడం కష్టం.

జార్జియా విశ్వవిద్యాలయం, లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు మైఖేల్ చాంబర్లెయిన్, బ్రెట్ కోలియర్ బృందాలు పెట్టల వీపుకు జీపీఎస్ ట్యాగులు కట్టి చూశారు. పెట్టలు వారాల ముందు నుంచీ చోట్లు పరీక్షించి ఎంచుకుంటాయన్న పాత నమ్మకానికి ఆ జాడల్లో పెద్దగా బలం దొరకలేదు. తిరుగుతున్న పరిధిలో సమయానికి దొరికిన సరిపడే చోట పెట్టేస్తాయి. మీకు దీని అర్థం ఏమిటంటే, "ఇదిగో నీ గూడు" అని ఒక మూల అలంకరించి పెడితే అది వెతుక్కుంటూ రాదు. అది తిరిగే దారుల్లోనే చాటు ఉండాలి.

దేశంలో మిగతా చోట్ల చాటు రూపం మారుతుంది గానీ లెక్క మారదు. ఫ్లోరిడాలో ఓసియోలా టర్కీ సా పామెట్టో (పొట్టి తాటిలాంటి మొక్క) ఆకుల కింద పెడుతుంది. టెక్సస్‌లో రియో గ్రాండే టర్కీకి నిరుటి గడ్డి దుబ్బు అడుగున్నర ఎత్తున మిగలాలి. పశువులు దాన్ని మొదలంటా మేసేసిన ఏడాది ఎంత నీరున్నా లాభం లేదు. దక్షిణ డకోటా బ్లాక్ హిల్స్‌లో మెరియమ్స్ టర్కీ పాండెరోసా పైన్ వాలుల మీద పొదల్లోనో, కొట్టిన కొమ్మల కిందో పెడుతుంది. ఓ మాదిరి ఎత్తు చాటు, పక్కనే పిల్లల మేత. అన్నిచోట్లా ఇదే.

ఇప్పుడు మీ 70 ఎకరాలు. ఒక్క ఏడాదిలో అంతా చేయొద్దు, మూడు ముక్కలు చేసుకోండి.

ఈ ఆగస్టులో 10 ఎకరాల ఫెస్క్యూను పొట్టిగా కోయించండి లేదా మేపించండి. కోసిన గడ్డి ఎత్తేయాలి, లేకపోతే మందు ఆకుకు తగలదు. 6 నుంచి 8 అంగుళాలు మళ్ళీ పెరగనిచ్చి, అక్టోబరు చివర్లో, ఒకటి రెండు మంచు దెబ్బలు తగిలాక, ఫెస్క్యూ ఇంకా పచ్చగా ఉండగా గ్లైఫోసేట్ అనే కలుపు మందు కొట్టాలి. మంచుకు దేశవాళీ మొక్కలు నిద్రపోతాయి, ఫెస్క్యూ మాత్రం మేల్కొని మందు తాగుతుంది. కిటుకంతా అక్కడే. 41 శాతం మందైతే ఎకరానికి 2 క్వార్టులు (సుమారు రెండు లీటర్లు) మామూలు మోతాదు. డబ్బా మీది లేబుల్ ఏం చెబితే అదే చివరి మాట. తప్పించుకున్న మొక్కల మీద మర్నాటి వసంతంలో, ఏప్రిల్ మధ్యకు ముందే, మచ్చలు మచ్చలుగా కొట్టండి.

తర్వాత వెంటనే విత్తనాలు కొనకండి. ఒక వేసవి ఆగి, నేలలో నిద్రపోతున్న విత్తనం ఏమిటో చూడండి. చాలాచోట్ల ర్యాగ్‌వీడ్, బ్లాక్‌బెర్రీ, గోల్డెన్‌రాడ్, అక్కడక్కడా బ్రూమ్‌సెడ్జ్ వాటంతటవే వస్తాయి. ర్యాగ్‌వీడ్ మన వయ్యారిభామకు దాయాది, చూడగానే పీకేయాలనిపిస్తుంది. పీకకండి, పిల్లలకు అంతకంటే మంచి గొడుగు లేదు. అవి రాకపోతేనే లిటిల్ బ్లూస్టెమ్ లాంటి దుబ్బు గడ్డి పలచగా, ఎకరానికి రెండు పౌండ్లకు మించకుండా, వెడల్పాకు మొక్కల విత్తనం ఎక్కువగా కలిపి వేయండి. పశువుల మేతకు చెప్పే మోతాదు వేస్తే మూడేళ్ళకు ఆరడుగుల గడ్డి గోడ లేస్తుంది, ఫెస్క్యూ పోయి ఇంకో చాప వచ్చినట్టే. విత్తనం పావు అంగుళం కంటే లోతుకు పోతే మొలవదు. విత్తే డ్రిల్ యంత్రం సరిగా అమర్చక డబ్బు మట్టిపాలయ్యేది ఎక్కువగా ఇక్కడే.

అడవి అంచున, పొలం వైపు 30 నుంచి 50 అడుగుల వెడల్పున చెట్లు కొట్టి పడేయండి. రెడ్ సీడర్, ఎల్మ్ లాంటివి ముందు. కానీ కొట్టే ముందు వాటి కింద ఫెస్క్యూకు మందు కొట్టి ఉండాలి. పడ్డ కొమ్మల కింద తర్వాత మందు కొట్టలేరు, కింద గడ్డి చాప, పైన ఎండు కొమ్మ మిగులుతాయి, మధ్యలో మొలిచేది ఏమీ ఉండదు. అంచంతా ఒకే గీతగా కాకుండా 50 అడుగుల ముక్కలుగా, మధ్యలో ఖాళీలు వదిలి చేయండి. కారణం పైన చెప్పిందే.

అడవి లోపల, మీకు నచ్చిన తెల్ల ఓక్‌లను ఉంచి, వాటి మీద పడుతున్న మేపుల్, ఎల్మ్ చెట్లను చుట్టూ గాటు పెట్టి చంపేయండి. అంగుళం లోతున రెండు వలయాలు కోసి, గాటులో మందు వేస్తే చెట్టు నిలబడే ఎండిపోతుంది, కిందకు వెలుతురు దిగుతుంది. మూడో వంతు వెలుతురు నేలకు చేరాలి. అంతకంటే తక్కువైతే చేసిన పనికి ఫలితం కనపడదు. ముందు చూసుకోవలసింది బుష్ హనీసకల్ అనే కలుపు పొద. అది ఉన్న అడవికి వెలుతురు ఇస్తే అదే ఊరంతా ఆక్రమిస్తుంది. నవంబరులో అన్నీ ఆకు రాల్చాక ఇదొక్కటే పచ్చగా నిలబడుతుంది కాబట్టి అప్పుడు గుర్తుపట్టి చంపడం తేలిక.

అప్పుడప్పుడూ అదుపులో పెట్టే మంట లేకుండా ఇవేవీ నిలవవు. పొలాన్ని మూడు భాగాలు చేసి ఏడాదికి ఒక భాగం, అడవిని మూడు నుంచి ఐదేళ్ళకోసారి. అన్నీ ఒకేసారి కాల్చేస్తే ఆ ఏప్రిల్‌లో గూటి చాటు ఎక్కడా ఉండదు. కాల్చిన మొదటి ఏడాది నేల పిల్లల మేతకు, రెండు మూడేళ్ళ నేల గూటికి. అవి పక్కపక్కనే ఉండేలా ముక్కలు చిన్నవి చేయడమే ఇందులో నేర్పు. ఫిబ్రవరి, మార్చిలో కాలిస్తే గూళ్ళు కాలే భయం ఉండదు. ఏప్రిల్, మేలలో మంట వల్ల కాలిపోయే గూళ్ళు మొత్తంలో చాలా తక్కువేనని దక్షిణ రాష్ట్రాల అనుభవం. ఆ భయంతో అసలు మంటే మానేసినవాళ్ళు ఐదేళ్ళలో చాటంతా పోగొట్టుకుంటారు. మొదటిసారి సొంతంగా మాత్రం వెలిగించకండి. రాష్ట్ర కన్జర్వేషన్ డిపార్ట్‌మెంట్ వారి ప్రైవేట్ ల్యాండ్ సిబ్బంది వచ్చి చూసి, ప్రణాళిక రాయడంలో సాయం చేస్తారు. తడి, గాలి, మంట దాటకుండా వదిలే ఖాళీ పట్టీల వెడల్పు వాళ్ళతోనే తేల్చుకోండి. ఒక హెచ్చరిక: సెరీషియా లెస్పెడీజా అనే కలుపు మొక్క మీ పొలంలో ఉంటే ముందు దాని సంగతి చూడండి. మంట దాన్ని పెంచుతుంది.

గడ్డి కోయక తప్పని ఎకరాలుంటే జూలై 15 దాకా ఆపండి. ఆపలేకపోతే నడిమధ్య మొదలుపెట్టి బయటికి కోయాలి, బ్లేడు ఆరు అంగుళాలకు పైన. బయటి నుంచి లోపలికి కోస్తే పెట్ట, పిల్లలు చివరి పట్టీలో చిక్కుకుంటాయి. పొదుగు చివరి వారంలో ఉన్న పెట్ట ట్రాక్టరు మీదికొచ్చినా లేవదు. అలా గుడ్లతోపాటు పెట్ట కూడా పోతుంది.

మొక్కజొన్న ఫీడర్ ఉంటే మార్చిలోనే తీసేయండి, రకూన్లకు అది అన్నదాన సత్రం. రకూన్లను పట్టించడం గురించి చాలామంది అడుగుతారు. 70 ఎకరాల్లో ఖాళీ అయిన జాగా కొన్ని వారాల్లో పక్క పొలం నుంచి నిండుతుంది, కాబట్టి దాన్నే నమ్ముకోవద్దు. టర్కీ పిల్లలను కొని వదలాలన్న ఆలోచన ఉంటే అదీ మానండి. బోనులో పెరిగినవి అడవిలో బతకవు. మిస్సోరీలో ఈ పక్షి తిరిగి నిలదొక్కుకుంది 1954 నుంచి అడవి పక్షులనే పట్టి వేరే చోట్లకు తరలించడం వల్ల. గుడ్లు తీసి పొదిగించడం చట్టరీత్యా నేరం కూడా.

మే నెలలో గూడు వెతుకుతూ తిరగకండి, కుక్కను వదలకండి. పొదుగు తొలి రోజుల్లో లేపితే పెట్ట మళ్ళీ రాకపోవచ్చు. పొరపాటున ఎదురైతే ఆగకుండా అదే నడకలో పక్కకు వెళ్ళిపోండి, గుర్తుకు రిబ్బను కట్టొద్దు, కెమెరా పెట్టొద్దు. జూన్ చివర్లో వెళ్ళి పెంకులు చూడండి. ఏం జరిగిందో అవే చెబుతాయి. పిల్ల బయటికొచ్చిన పెంకు పెద్ద చివర దగ్గర మూత తీసినట్టు గుండ్రంగా తెగి, లోపలి పొర ఎండి పెంకు నుంచి విడివడి ఉంటుంది. రకూన్, స్కంక్ తిన్నవి చుట్టుపక్కల ముక్కలై, పచ్చసొన అంటుకుని ఉంటాయి. పాము మింగితే పెంకు ముక్క కూడా మిగలదు, ఖాళీ గుంటే. మూత తెగిన పెంకులు దొరికి కూడా జూలైలో పిల్లలు కనపడకపోతే, మీ పని గూటి చాటు మీద కాదు, మేత నేల మీద మొదలుపెట్టాలి. ఫెస్క్యూ ముక్కల్లో ఆ గూటికి దగ్గరగా ఉన్నదాన్నే ఈ అక్టోబరు మందుకు ఎంచుకోండి.